అలెక్ గిన్నిస్: ముందు ఏది చూడాలి, ఏది దాచుకోవాలి

"స్టార్ వార్స్‌లో ఆ గడ్డం ముసలాయన ఎవరు మామయ్యా? ఇంకేమైనా చేశాడా?" అని మా అక్క కొడుకు అడిగాడు. వాడికి పందొమ్మిదేళ్లు. నేను ఉత్సాహం ఆపుకోలేక 1979 నాటి బీబీసీ గూఢచారి సీరియల్ పెట్టి వాడి పక్కన కూర్చున్నాను. రెండో ఎపిసోడ్ సగానికి వచ్చేసరికి వాడి చేతిలో ఫోను, ఫోనులో క్రికెట్ స్కోరు. తప్పు వాడిది కాదు, సీరియల్‌దీ కాదు. అక్షరాభ్యాసం నాడే ప్రబంధం చేతిలో పెట్టింది నేను.

ఆ ముసలాయన వేషం వేసిన బ్రిటిష్ నటుడు అలెక్ గిన్నిస్ దగ్గర ఈ చిక్కు చాలామందికి వస్తుంది. 1914లో లండన్‌లో పుట్టారు. కొన్నాళ్లు ఒక ప్రకటనల కంపెనీలో ప్రకటనలు రాశారు. 1934లో జాన్ గీల్‌గుడ్ వేసిన హామ్లెట్‌లో చిన్న వేషంతో పైకొచ్చారు. రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళంలో చేరి, 1943లో సిసిలీ మీద దాడి జరిగినప్పుడు సైనికుల్ని ఒడ్డుకు చేర్చే పడవను నడిపారు. తర్వాత సినిమాలు, ఆఖర్న టీవీ. 2000లో పోయారు. అరవై ఏళ్ల పని అది. ఎవరో నలుగురు నటులు పంచుకుని చేశారేమో అనిపిస్తుంది. ఒక చోట నవ్విస్తారు, ఒక చోట సైన్యాధికారి, ఒక చోట కత్తి పట్టిన సన్యాసి, ఒక చోట కళ్లద్దాల గుమాస్తాలాంటి గూఢచారి. ఏది పట్టుకుంటే మిగతావి వస్తాయి?

మన పగటివేషగాళ్లను గుర్తు తెచ్చుకుంటే నాకు ఈయన తేలిగ్గా అర్థమవుతారు. ఊళ్లో రోజుకో వేషం కట్టి ఇంటింటికీ తిరిగి, ఆఖర్న సంభావన పుచ్చుకుంటారు వాళ్లు. గిన్నిస్ కూడా మొదట్లో ముక్కు, పళ్లు, జుట్టు, నడక అన్నీ మార్చేశారు. వయసు మీదపడే కొద్దీ ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చారు. అరవై అయిదేళ్ల వయసులో మిగిలింది సొంత ముఖం, ఒక జత కళ్లద్దాలు. కాబట్టి "ఏది మంచిది" అన్న ప్రశ్నకన్నా "మీకు వేషం ఇష్టమా, మౌనం ఇష్టమా" అన్న ప్రశ్న ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది.

## ముందు దేన్ని బట్టి ఎంచుకోవాలి

టైం. ఈయన సినిమాల్లో 80 నిమిషాలవి ఉన్నాయి, మూడున్నర గంటలు దాటినవీ ఉన్నాయి. పనిదినం రాత్రి పదింటికి మొదలుపెట్టేవాళ్లు ఇది చూసుకోవాలి.

ఆయన తెరమీద ఎంతసేపు ఉంటారు? ఇది చాలామంది పట్టించుకోరు. పోస్టర్ మీద పేరు పెద్దదిగా ఉంటుంది, సినిమాలో నాలుగు సీన్లుంటాయి. నటుడి కోసం చూసేటప్పుడు ఇదే ముఖ్యం.

ఇంగ్లీషు. అమెరికన్ సినిమాలకు అలవాటు పడిన చెవికి 1950ల బ్రిటిష్ మాట మొదటి పావుగంట కొరుకుడు పడదు. వీటిలో చాలావాటికి తెలుగు డబ్బింగ్ ఆశ పెట్టుకోకండి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. నేను ఇప్పటికీ పెట్టుకునే చూస్తాను.

నలుపు తెలుపు. మాయాబజార్‌ని ఇప్పటికీ ఇష్టంగా చూసే ఇంట్లో ఇదొక సమస్యే కాదు. కానీ పిల్లలతో చూడాలంటే మొదటిది రంగుల్లో ఉంటే మేలు.

ఇక భారతీయ ప్రేక్షకులకు మాత్రమే తగిలే కొలత ఇంకొకటి ఉంది. ఒంటికి రంగు పూసుకుని అరబ్బుగా, హిందువుగా ఆయన వేసిన వేషాలను మీరు ఎంతవరకు ఓర్చుకోగలరు? దాని గురించి కింద విడిగా చెబుతాను, ఎందుకంటే ఒక్క లైనులో తేలే సంగతి కాదు.

## ఒక్క చూపులో

| దారి | మొదట చూడాల్సింది | పట్టే టైం | ఆయన కనిపించేది | ఇంగ్లీషు | రంగు |
|---|---|---|---|---|---|
| ఈలింగ్ కామెడీలు | ద లావెండర్ హిల్ మాబ్ (1951) | దాదాపు 80 నిమిషాలు | మొదటి నుంచి చివరిదాకా | వేగంగా, కానీ కథ కళ్లకే తెలుస్తుంది | నలుపు తెలుపు |
| దర్శకుడు డేవిడ్ లీన్ సినిమాలు | ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్ (1957) | 2 గంటల 40 నిమిషాలు | కథకు వెన్నెముక, కానీ మధ్యలో చాలాసేపు ఉండరు | స్పష్టం | రంగులు |
| స్టార్ వార్స్ | మొదటిది (1977) | 2 గంటలు | ఇరవై నిమిషాల దరిదాపు | తేలిక | రంగులు |
| స్మైలీ సీరియళ్లు (బీబీసీ గూఢచారి కథలు) | టింకర్ టైలర్ సోల్జర్ స్పై (1979) | 7 ఎపిసోడ్లు, 5 గంటల పైమాటే | దాదాపు అంతా | కష్టం, పైగా గూఢచారుల పరిభాష | రంగులు, అయినా బూడిద రంగే |

## ఈలింగ్ కామెడీలు: వేషాల సంత

పశ్చిమ లండన్‌లోని ఈలింగ్ స్టూడియో యుద్ధం తర్వాత కొన్ని చిన్న కామెడీలు తీసింది. రేషను కార్డులతో విసిగిపోయిన జనం, చిన్న ఉద్యోగాలు, పెద్ద ఆశలు. ఆ వాతావరణం మనకేమీ కొత్తది కాదు.

అన్నిటికన్నా పేరున్నది కైండ్ హార్ట్స్ అండ్ కోరొనెట్స్ (1949, దర్శకుడు రాబర్ట్ హేమర్). తల్లిని వెలివేసిన జమీందారీ కుటుంబం ఆమె శవానికి కుటుంబ సమాధిలో చోటివ్వనంటుంది. దాంతో కొడుకు, ఆ వంశపు ప్రభువు బిరుదుకు తనకన్నా ముందు వరసలో ఉన్న ఒక్కొక్కరినీ మర్యాదగా చంపుకుంటూ పోతాడు. చంపేవాడు డెనిస్ ప్రైస్. చచ్చేవాళ్లంతా గిన్నిస్. బ్యాంకరు, చర్చి ఫాదరు, సైన్యాధిపతి, నౌకాధిపతి, ఆడవాళ్ల ఓటుహక్కు కోసం పోరాడే లేడీ అగాథా, ఇలా ఎనిమిది మంది.

మనకు బహుపాత్రలు కొత్త కాదు. అక్కినేని 1966లోనే నవరాత్రిలో తొమ్మిది వేషాలు వేశారు. అక్కడ తొమ్మిది పాత్రలకూ తొమ్మిది రసాలు. ఒకదానికొకటి ఎంత దూరంగా ఉంటే అంత గొప్ప, ప్రతి వేషం వెనకా నాగేశ్వరరావుగారే అన్న సంబరం మనకు పోకూడదు. గిన్నిస్ చేసింది దానికి తిరగేసిన లెక్క. ఈ ఎనిమిది మందీ ఒకే వంశం. ఒకే గర్వం, ఒకే మొద్దుతనం తరాలుగా పారుతూ ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా బయటపడాలి. వేర్వేరుగా కనిపించాలి, అయినా చుట్టాలనిపించాలి. రెండోది చాలా కష్టం. ఒక నటుడు వేశాడన్న సంగతి మరిచిపోయి "ఈ కుటుంబమే ఇంతలే" అనుకోవడం మొదలుపెడతాం.

చర్చిలో ఒకే ఫ్రేములో ఆరుగురు గిన్నిస్‌లు కూర్చునే షాట్ ఉంది. కంప్యూటర్లు లేని కాలం. కెమెరామన్ డగ్లస్ స్లోకోంబ్ కెమెరాను కదలకుండా బిగించి, ఫిల్మును వెనక్కి తిప్పుతూ ఒక్కో వేషాన్ని ఒక్కోసారి తీశారు. మేకప్ మారడానికే గంటలు పట్టేది. రాత్రి ఎవరైనా కెమెరాకు తగిలితే మొత్తం పోతుందని ఆయన స్టూడియోలోనే పడుకున్నారట.

ఇంత పొగిడి కూడా, మొదట ఇది చూడమని నేను చెప్పను. హాస్యమంతా కథ చెప్పేవాడి పాలిష్ మాటల్లో ఉంటుంది, ఇంగ్లీషు మీద పట్టులేకపోతే సగం జారిపోతుంది. అసలు ప్రింటులో ఒక పిల్లల పాటలో జాతిని కించపరిచే మాట ఒకటి వినిపిస్తుంది, ఇంట్లో పిల్లలుంటే తెలిసి ఉండటం మంచిది. పైగా ఆయన సొంత ముఖం ఏదో తెలియకుండా ఎనిమిది ముసుగులు చూస్తే ఆ పనితనం విలువ కట్టలేం.

అందుకని ముందు ద లావెండర్ హిల్ మాబ్. ఇరవై ఏళ్లుగా బ్యాంకు బంగారాన్ని వ్యానులో నిజాయితీగా తరలిస్తున్న గుమాస్తా హాలండ్. ఆ బంగారం కొట్టేయడం తేలికే, దేశం దాటించడమే కష్టమని అతని లెక్క. అదే బోర్డింగు ఇంట్లో దిగిన కొత్తాయన టూరిస్టులకు అమ్మే బొమ్మలు పోత పోస్తాడని తెలుస్తుంది. ఇక బంగారం కరిగి చిన్న చిన్న ఈఫిల్ టవర్లవుతుంది. ఎనభై నిమిషాల్లో ఊపిరి తీసుకోనివ్వకుండా అయిపోతుంది. ఈ సినిమాకే గిన్నిస్‌కు మొదటి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అప్పటికి ఎవరికీ తెలియని ఆడ్రీ హెప్‌బర్న్ మొదట్లో ఒక నిమిషంపాటు కనబడి వెళ్లిపోతుంది, రెప్ప వేయకండి. హాలండ్‌కు 'ర' పలకడం సరిగా రాదు. ముప్పై ఏడేళ్ల నటుడు పెద్ద మేకప్ లేకుండా, ఆ చిన్న నత్తితో, ఆగని చిరునవ్వుతో ఒక జీవితకాలపు అణకువను చూపిస్తారు.

అదే ఏడాది వచ్చిన ద మ్యాన్ ఇన్ ద వైట్ సూట్‌ను మన నేత ఊళ్లు తెలిసినవాళ్లు వేరేగా చూస్తారని నా నమ్మకం. మాయని, చిరగని గుడ్డ కనిపెడతాడొక పిచ్చి శాస్త్రవేత్త. మిల్లు యజమానులు గగ్గోలు పెడతారు. వాళ్లతో ఎప్పుడూ పోట్లాడే కార్మికులూ ఈసారి యజమానుల పక్కనే నిలబడతారు. చిరగని గుడ్డ వస్తే రేపు నేసేదేముంది? నన్ను కదిలించింది బట్టలుతికి బతికే ముసలామె. ఉతకాల్సిన అవసరమే లేకపోతే నా గతేంటని ఆమె అడుగుతుంది. అంతవరకూ నవ్వుతున్న సినిమా అక్కడ ఒక్క క్షణం గొంతు మారుస్తుంది.

నలుపు తెలుపు వద్దనేవాళ్లకు ద లేడీకిల్లర్స్ (1955) రంగుల్లో ఉంది. పొడుచుకొచ్చిన పళ్లతో గిన్నిస్ దొంగల నాయకుడు, సంగీత బృందమని అబద్ధమాడి ఒక ముసలావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్న ముఠా, అందులో కుర్ర పీటర్ సెల్లర్స్. మా ఇంట్లో ఇంగ్లీషు రాని మా అమ్మ కూడా దీన్ని ఆసాంతం చూసి, ఆ ముసలావిడ తరఫునే ఉంది.

## డేవిడ్ లీన్ సినిమాలు: పెద్ద తెర, ఒక మొండి మనిషి

లీన్‌తో గిన్నిస్ ఆరు సినిమాలు చేశారు. 1946 నాటి గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్‌తో మొదలై 1984 నాటి ఎ ప్యాసేజ్ టు ఇండియాతో ముగుస్తుంది. ఇద్దరికీ పడేది కాదు, విడిపోయేవారు కాదు. గిన్నిస్‌ను గిన్నిస్‌గా ఎక్కువసేపు చూపించేది మాత్రం క్వాయ్ ఒక్కటే.

బర్మా రైలుమార్గం మీద జపాన్ వాళ్ల చేతికి చిక్కిన బ్రిటిష్ కల్నల్ నికల్సన్. ఆఫీసర్లు కూలిపని చేయరు, జెనీవా ఒప్పందం ఒప్పుకోదు అని భీష్మించుకుంటాడు. ఇనుప రేకుల గదిలో పెట్టి ఎండలో ఉడకబెట్టినా లొంగడు. గెలుస్తాడు. గెలిచాక, తన సైనికుల క్రమశిక్షణ నిలబెట్టడానికని శత్రువుకే దివ్యమైన వంతెన కట్టిపెడతాడు. ఏ గుణంవల్ల మనం అతన్ని మెచ్చుకున్నామో అదే గుణం అతన్ని గుడ్డివాణ్ని చేస్తుంది. ఏ క్షణంలో మొదటిది రెండోదిగా మారిందో వేలుపెట్టి చూపించలేం. గిన్నిస్ ఆ గీతను అంత సన్నగా గీశారు.

ఈ పాత్రలో కాస్త హాస్యం కలపాలని ఆయన, వద్దని లీన్, షూటింగు పొడుగునా వాదులాడుకున్నారు. లీన్ మాటే నెగ్గింది, మన అదృష్టం. ఆ ఇనుప గదిలోంచి బయటికొచ్చి కల్నల్ తూలుతూ నడిచే నడక ఉంది. పోలియో వచ్చి మళ్లీ నడక నేర్చుకున్న తన కొడుకు మాథ్యూ నడకలోంచి గిన్నిస్ దాన్ని తీసుకున్నారు. ఆ సంగతి తెలిశాక ఆ సీను మామూలుగా చూడలేకపోయాను.

ఉత్తమ నటుడు సహా ఏడు ఆస్కార్లు వచ్చాయి. 1959లో ఆయనకు సర్ బిరుదు దక్కింది. షూటింగు శ్రీలంకలో, వంతెన కితుల్‌గల దగ్గర కెలాని నది మీద.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఆ రైలుమార్గం 1942, 43లలో నిజంగానే కట్టారు. యుద్ధఖైదీలకన్నా చాలా ఎక్కువమంది ఆసియా కూలీలు దానికి బలయ్యారు. వాళ్లలో మలయా రబ్బరు తోటల్లోంచి తోలుకెళ్లిన తమిళులు ఎందరో. సినిమాలో వాళ్ల ఊసు దాదాపు లేదు. ఇది నికల్సన్ కథగా చూడండి, చరిత్రగా చూడకండి.

లారెన్స్ ఆఫ్ అరేబియా (1962), డాక్టర్ జివాగో (1965) గొప్ప సినిమాలు, కానీ గిన్నిస్ కోసం చూడాల్సినవి కావు. రెండింటిలోనూ ఆయన మధ్యమధ్య వచ్చి వెళ్లే మనిషే.

## మధ్యలో ముల్లు: అరువు రంగులు

లారెన్స్‌లో యువరాజు ఫైసల్. ప్యాసేజ్ టు ఇండియాలో ప్రొఫెసర్ నారాయణ గాడ్‌బోలే, దక్కను బ్రాహ్మడు. ఒలివర్ ట్విస్ట్ (1948)లో పెద్ద ముక్కు తగిలించుకున్న యూదు ఫాగిన్. ఆ ముక్కు చూసి బెర్లిన్‌లో యూదులు నిరసనలు చేశారు, అమెరికాలో సినిమా విడుదల 1951 దాకా ఆగిపోయింది. నాజీ మారణహోమం ముగిసి మూడేళ్లే అయిందప్పటికి. కోపం రాకపోతే ఆశ్చర్యపోవాలి.

ఫైసల్‌ను నేను ఒప్పుకుంటాను. మేకప్ అరువుదే అయినా, చూపులో రాజకీయం సొంతది. అందరికన్నా ముందే అందరి ఎత్తులూ తెలిసినవాడి అలసట అందులో ఉంది.

గాడ్‌బోలే దగ్గర నా సానుభూతి అయిపోయింది. షూటింగ్ బెంగళూరులోనే, గుహల సీన్లు ఆ పక్కనే సావనదుర్గ, రామనగరం కొండల్లో. అదే సినిమాలో విక్టర్ బెనర్జీ, సయీద్ జాఫ్రీ, రోషన్ సేఠ్ ఉన్నారు. ఇంతమంది మధ్య రంగు పూసుకుని, చేతులు జోడించి, మర్మంగా మాట్లాడే ఆ బ్రాహ్మణ్ని చూస్తుంటే ఆ వేషం పండలేదని ఎవరూ మనకు చెప్పక్కర్లేదు. మన పక్కింటి పెద్దాయన ఎలా కూర్చుంటాడో, ఎలా చేయి ఊపుతాడో మనకు తెలుసు కదా. గిన్నిస్ సీన్లు కొన్ని ఎడిటింగులో పోయాయి, అందుకు ఆయన లీన్ మీద అలిగారు కూడా. పెగ్గీ యాష్‌క్రాఫ్ట్ కోసం ఆ సినిమా చూడండి, ఆమెకు ఆస్కార్ ఊరికే రాలేదు. గిన్నిస్ కోసమైతే ఇది ఆఖర్న, అదీ ఆసక్తి ఉంటేనే.

## స్టార్ వార్స్: డబ్బు తెచ్చిన వేషం

త్వరగా ముగిస్తాను. 1977 సినిమా మీరు ఇప్పటికే చూసి ఉంటారు. ఓబీ వాన్ పాత్రకు, అంటే ఆ గడ్డం ముసలాయన వేషానికి, సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఆ డైలాగులంటే ఆయనకు గిట్టేది కాదు, సినిమా మాత్రం ఆడుతుందని పసిగట్టి లాభాల్లో రెండు శాతం పైచిలుకు వాటా రాయించుకున్నారు. ఆ వాటాతో మిగతా జీవితమంతా నిశ్చింతగా గడిచింది. తన పుస్తకంలో ఆయనే రాసుకున్న ముచ్చట ఒకటుంది. నూరుసార్లకు పైగా ఆ సినిమా చూశానని గర్వంగా చెప్పిన ఒక అమెరికన్ పిల్లాణ్ని, ఇక మళ్లీ చూడనని మాటిమ్మని అడిగారట. పిల్లాడు ఏడ్చాడు.

ఇష్టం లేని పనిలోనూ ఆయన ఒళ్లు దాచుకోలేదు. అయినా ఈ సినిమా మీకు నటుణ్ని పరిచయం చేయదు, ఒక హుందాతనాన్ని మాత్రమే చూపిస్తుంది. క్వాయ్, లావెండర్ హిల్ చూశాక ఒకసారి మళ్లీ వేసుకోండి. ఎడారిలో ఆ ముసలాయన తల మీది ముసుగు తీసి పలకరించేటప్పుడు, ఇరవై ఏళ్ల పనితనం ఎంత తేలిగ్గా కూర్చుందో అప్పుడు కనిపిస్తుంది.

## స్మైలీ: వేషం తీసేశాక

జాన్ లె కారే నవలలోని జార్జ్ స్మైలీ రిటైరైన గూఢచారి. భార్య మోసం చేసింది, కొలువు పోయింది. ఇప్పుడు రహస్యంగా పిలిపించి, నీ పాత ఆఫీసులో పై నలుగురిలో ఒకడు రష్యావాళ్ల మనిషి, ఎవరో తేల్చు అంటారు. ఆ నలుగురూ అతని పాత స్నేహితులే.

ఛేజింగులు లేవు. తుపాకీ అరుదుగా పేలుతుంది. ఏడు ఎపిసోడ్లలో స్మైలీ చేసేది ప్రధానంగా వినడం. ఎదుటివాడు మాట్లాడుతుంటాడు, కెమెరా గిన్నిస్ ముఖం మీద ఉంటుంది. అబద్ధం విన్నప్పుడు ఏమీ మారదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు, అంతే. కానీ ఎదుటివాడు ఇరుక్కున్నాడని మనకు తెలిసిపోతుంది. ఎలా తెలిసిందో చెప్పమంటే చెప్పలేం.

ఆ పాత్రకు తాను తగినంత లావుగా లేనని గిన్నిస్ మొదట సందేహపడ్డారు. తర్వాత లె కారే ద్వారా బ్రిటిష్ గూఢచారి సంస్థ మాజీ అధిపతి మారిస్ ఓల్డ్‌ఫీల్డ్‌తో భోజనానికి కూర్చున్నారు. ఆయన తిన్న తీరు, కఫ్ లింకులు, వీధిలో నడిచివెళ్లిన పద్ధతి అన్నీ గమనించారు. ఎనిమిది ముఖాలు పెట్టుకున్న మనిషి ఇప్పుడు ఒక మనిషి ఎలా నడుస్తాడన్నదే చాలనుకున్నారు.

ఢిల్లీ జైల్లో ఒక సీనుంది. రష్యా గూఢచారి కార్లా ఎదురుగా కూర్చుని స్మైలీ ఒక్కడే మాట్లాడుతూ పోతాడు. కార్లా ఒక్క మాట మాట్లాడడు. ఆ మూగ పాత్ర ప్యాట్రిక్ స్టూవర్ట్. లొంగదీయడానికి వెళ్లినవాడే తన గుట్టంతా విప్పుకుని బయటికొస్తాడు.

1982లో స్మైలీస్ పీపుల్ వచ్చింది, ఆరు ఎపిసోడ్లు. రెంటికీ ఆయనకు బ్రిటన్ వాళ్లిచ్చే బాఫ్టా ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. ఏది ముందు? కథ వరుసలో టింకర్ టైలరే ముందు, నా సలహా కూడా అదే. తేలిగ్గా అర్థమయ్యేది మాత్రం రెండోది. అందులో ఒక హత్యతో మొదలై దారి తిన్నగా సాగుతుంది, మొదటిదాంట్లో కాలం ముందుకీ వెనక్కీ పోతుంది. మొదటిది రెండుసార్లు మధ్యలో వదిలేసినవాళ్లు సిగ్గుపడకుండా రెండోదాంతో ప్రయత్నించవచ్చు, కాకపోతే మొదటిదాని ద్రోహి ఎవరో ముందే తెలిసిపోతుంది.

2011లో గ్యారీ ఓల్డ్‌మన్‌తో సినిమా వచ్చింది కదా, అది చాలదా అని అడిగేవాళ్లున్నారు. ఓల్డ్‌మన్ బాగా చేశారు. రెండు గంటల్లో కథ తెలుస్తుంది, నిజమే. కానీ సినిమాలో స్మైలీ మౌనం ఒక భంగిమ, సీరియల్లో అదొక వృత్తి. వింటూ కూర్చోవడానికి పట్టే టైమంతా మనమూ కూర్చోవాలి. టైం లేకపోతే సినిమా, ఒక వారం రాత్రులు ఖాళీ ఉంటే సీరియల్. రెండూ చూసేటట్లయితే సీరియలే ముందు, ద్రోహి పేరు అక్కడ తెలిస్తేనే బాధ తగులుతుంది.

## ఎవరికి ఏది

స్టార్ వార్స్ తప్ప ఏమీ తెలియని కుర్రవాళ్లకు: లావెండర్ హిల్. నచ్చితే క్వాయ్. సీరియల్ పేరు ఇప్పుడే ఎత్తకండి, నా అనుభవంతో చెబుతున్నాను.

ఇంట్లో పెద్దలు, పిల్లలతో కలిసి చూసేవాళ్లకు: ద లేడీకిల్లర్స్. చావులున్నా రక్తం లేదు, ముసలావిడ గెలుపు అందరికీ నచ్చుతుంది.

నాటకాలు వేసేవాళ్లకు, షార్ట్ ఫిల్మ్స్‌లో నటిస్తున్నవాళ్లకు: కైండ్ హార్ట్స్, వెంటనే టింకర్ టైలర్. ఈ రెంటికీ మధ్య ముప్పై ఏళ్లున్నాయి, మధ్యలో వేరేవి పెట్టకుండా పక్కపక్కన చూడండి. ఒకదాంట్లో ఏమేం తగిలించుకున్నారో, రెండోదాంట్లో ఏమేం వదిలేశారో రాసుకుంటే, ఆ కాగితం మీకు పాఠం.

గొంతు పెంచే గిన్నిస్‌ను చూడాలనుకునేవాళ్లకు: ట్యూన్స్ ఆఫ్ గ్లోరీ (1960). ఎర్రజుట్టు, విస్కీ, స్కాట్లండ్ సైనికశిబిరం, పై అధికారిగా వచ్చిన జాన్ మిల్స్‌తో కుమ్ములాట. యాస గట్టిది, సబ్‌టైటిల్స్ తప్పవు. పెద్దగా ఎవరూ చెప్పరు కానీ, నాకు ఆయన సినిమాల్లో మొదటి మూడింటిలో ఇదొకటి.

ఒకే ఒక్కటి చూసే ఓపిక ఉన్నవాళ్లకు: క్వాయ్. స్మైలీ కన్నా అది గొప్పదని కాదు, ఒంటరిగా నిలబడే శక్తి దానికి ఎక్కువ. స్మైలీకి ముందు మిగతా గిన్నిస్ తెలిసి ఉంటేనే, ఆ ఖాళీ ముఖంలో ఎంత సరుకు దాచారో తెలుస్తుంది.

మా వాడు ఈమధ్య లావెండర్ హిల్ చూశాడు, తర్వాత వాడంతట వాడే క్వాయ్ పెట్టుకున్నాడు. పోయిన ఆదివారం మళ్లీ సీరియల్ అడిగాడు. మొదటి ఎపిసోడ్ మొదట్లో ఒక మీటింగు గది, అందులోకి నలుగురు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చుంటారు. మాటల్లేవు. ఒకడు టీ కప్పు మీద సాసరు మూతపెట్టి పట్టుకొస్తాడు, ఒకడు ఫైళ్లు సర్దుకుంటాడు. గిన్నిస్ అందులో లేనేలేరు. ఆ రెండు నిమిషాలూ ఫోను పక్కన పెట్టి, ఎవడు ఎలా కూర్చున్నాడో మాత్రం చూడమన్నాను.